చెక్ ఇంజిన్ లైటు, కొల్లేటి చెమ్మ

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఏ కార్ల షెడ్డుకి వెళ్లినా బానెట్ ఎత్తి నిలబెట్టిన ఆల్టోనో, శాంత్రోనో, వ్యాగన్ ఆరో ఒకటి కనిపిస్తుంది. వయసు పదిహేనేళ్లకు తక్కువ ఉండదు. ఓనరు చెప్పేది నాలుగైదు మాటల్లో ఏదో ఒకటే: పికప్ లేదు, మిస్సింగ్ కొడుతోంది, పెట్రోలు తాగేస్తోంది, పొద్దున్న బాగానే స్టార్టవుతోంది గానీ ఎండెక్కాక మొరాయిస్తోంది.

"కంప్యూటర్ పెట్టి చూపించారాండీ?"

"చూపించామండీ. సెన్సారు పోయిందన్నారు. కొత్తది వేయించాం. నాలుగు రోజులు బాగుంది, మళ్లీ మొదలు."

ఇందులో తప్పెవరిదని వెతుకుతూ మెకానిక్ దగ్గరే ఆగిపోతే సగం సంగతి తెలియదు. బండి పుట్టిన కాలం, మనం పోయించే పెట్రోలు, ఈ నేల చెమ్మ, ఎలుకలు, షెడ్లలో పని పంచుకునే పద్ధతి, మనం కూలి లెక్కగట్టే తీరు, ఇవన్నీ కలిసే ఆ కొత్త సెన్సారు డబ్బుల్ని దండగ చేశాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వయసు బండ్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు చెడిపోవడం అరుదు. సెన్సార్లు చెడతాయి గానీ జనం మార్పించినన్ని చెడవు. వాటి మధ్యనున్న తీగలు, ఎర్తులు, గాలి పైపులు, నీళ్ల దారులే ఎక్కువగా పాడవుతాయి. మార్చే ముందు కొలిస్తే ఇది తేలిపోతుంది. కొలిచే పనికి మాత్రం మన దగ్గర ఎవరూ డబ్బులివ్వరు.

ముందు కాలం సంగతి. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చినప్పుడు దానిది కార్బురేటర్ ఇంజిన్. స్క్రూ తిప్పి, చెవి పెట్టి విని, సైలెన్సరు దగ్గర పొగ వాసన చూసి ట్యూనింగ్ చేసే తరం అంబాసిడర్ల మీదా, దీని మీదా చేయి తిప్పుకుంది. 1998లో శాంత్రో, మాటిజ్ ఎంపీఎఫ్ఐతో, అంటే కంప్యూటరు నడిపే పెట్రోలు ఇంజెక్షన్‌తో, దిగాయి. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కొత్త కార్లకు యూరో ప్రమాణాల గడువులు పెట్టింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. సీసం తగిలితే ఆక్సిజన్ సెన్సారూ, కెటలిటిక్ కన్వర్టరూ బతకవు కాబట్టి ముందు ఆ పని కావాల్సిందే. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి యూరో-1కి సమానమైన నిబంధన దేశమంతటికీ వచ్చింది, సెప్టెంబరులో ఆల్టో వచ్చింది. 2005 ఏప్రిల్‌లో దాని తర్వాతి మెట్టు భారత్ స్టేజ్-2 అంతటా అమలయ్యేసరికి కొత్త పెట్రోలు కార్లలో కార్బురేటర్ కథ దాదాపు ముగిసింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారుకీ ఒకే రకం పదహారు పిన్నుల సాకెట్టు, ఒకే కోడ్ల భాష తప్పనిసరి అయ్యాయి. మనకు అలాంటి నిబంధన భారత్ స్టేజ్-4 బండ్లతో 2010 ఏప్రిల్‌లో వచ్చింది, అదీ 13 నగరాల్లో. ఆ జాబితాలో హైదరాబాద్ ఉంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం లేవు. భారత్ స్టేజ్-4 దేశమంతా పరుచుకోవడానికి 2017 ఏప్రిల్ అయింది. మధ్యలో అమ్ముడైన లక్షల బండ్లలో కంప్యూటరు ఉంది, కానీ ఏ కంపెనీది ఆ కంపెనీ భాషలో, ఆ కంపెనీ స్కానరుతోనే మాట్లాడుతుంది. కొన్నిటికి పదహారు పిన్నుల సాకెట్టే ఉంటుంది, చూసినవాడు మోసపోతాడు. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న బ్లూటూత్ ముక్క దూర్చి, ఫోనులో యాప్ తెరిస్తే "కనెక్ట్ కాలేదు" అంటుంది. ముక్క నకిలీదని తిట్టుకుంటాడు. నకిలీదే కావచ్చు గానీ, అసలుదైనా ఆ బండితో మాట్లాడలేదు.

వీటిలో కొన్నిటికి స్కానరు లేని దారి ఒకటి ఉండేది, దాన్ని మన షెడ్లు మర్చిపోయాయి. పాత సుజుకీ ఇంజెక్షన్ బండ్లలో డయాగ్నసిస్ టెర్మినల్‌ను ఎర్తుకి కలిపి తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు మిణుకుతూ అంకెలు చెబుతుంది. ఒక మిణుకు, కాస్త ఆగి రెండు మిణుకులు వస్తే 12. లోపమేమీ లేదని అర్థం. 14, 15 కూలెంటు ఉష్ణోగ్రతవి. 21, 22 థ్రాటిల్ పొజిషన్ సెన్సారువి. 31, 32 మానిఫోల్డ్ ఒత్తిడివి. ఒక చిన్న తీగముక్క, కాగితం, పెన్సిలు ఉంటే చాలు. ఏ మోడల్‌కి ఆ టెర్మినల్ ఎక్కడుందో మాన్యువల్ చూసే కలపాలి, ఊహించి కలిపితే కొత్త జబ్బు అంటుకుంటుంది.

ఇంతకీ ఆ కంప్యూటరు చేసేదేమిటి? ఇంజిన్‌లోకి ఎంత గాలి వస్తోందో, ఎంత వేడిగా ఉందో, క్రాంకు ఎక్కడ తిరుగుతోందో, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో తెలుసుకుని, ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో, స్పార్కు ఎప్పుడివ్వాలో తేలుస్తుంది. మామూలు పెట్రోలుకు బరువులో ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ పాళ్లు కుదిరాయో లేదో సైలెన్సరు పైపులోని ఆక్సిజన్ సెన్సారు చెబుతుంది. దాని వోల్టేజి 0.1కీ 0.9కీ మధ్య ఊగుతూ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఒకేచోట నిలబడిపోతే ఏదో తేడా. ఆ తేడా సెన్సారులోనే ఉందని మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

కోడ్ ఎంత చెబుతుందో తెలియాలంటే కరెంటాఫీసుకి వచ్చే ఫోను గుర్తు తెచ్చుకోండి. ఫలానా వీధిలో దీపాల్లేవని తెలుస్తుంది. తీగ తెగిందో, ఫ్యూజు పోయిందో, ట్రాన్స్‌ఫార్మరు కాలిందో స్తంభం ఎక్కినవాడికే తెలుస్తుంది. "ఆక్సిజన్ సెన్సార్, పెట్రోలు తక్కువ" అని కోడ్ వస్తే సెన్సారు నిజమే చెబుతూ ఉండొచ్చు. ఎక్కడో గాలి పైపు పగిలి కొలతకు రాని గాలి దూరుతోంది, లేదా పంపు నీరసించింది. ఆ నిజం చెప్పిన సెన్సారునే పీకి కొత్తది పెడుతున్నాం.

ఇక్కడి బండ్లలో ఎక్కువగా బలయ్యే కూలెంటు ఉష్ణోగ్రత సెన్సారునే దగ్గరగా చూద్దాం. రెండు తీగల చిన్న ముక్క, వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గుతుంది. సుజుకీ బండ్లలో 20 డిగ్రీల దగ్గర దాదాపు రెండున్నర కిలో ఓములు, 80 డిగ్రీలకు మూడు వందల ఓముల చిల్లర. ఇప్పుడు తీగ తెగిందనుకోండి. కంప్యూటరుకు నిరోధం అంతులేకుండా కనిపిస్తుంది, స్కానరు మీద ఉష్ణోగ్రత మైనస్ 40 అని వస్తుంది. మే నెలలో కైకలూరులో మైనస్ 40 చూసి కూడా సెన్సారు మార్చినవాళ్లున్నారు. చేయాల్సింది ఒక్క నిమిషం పని. సెన్సారు కనెక్టరు ఊడదీసి, బండివైపు ఉన్న రెండు తీగల చివర్లను చిన్న తీగముక్కతో కలపాలి. స్కానరు మీద అంకె మైనస్ 40 నుంచి నూటముప్పయ్యో అంతకు పైనో ఎగబాకితే తీగలూ కంప్యూటరూ బాగున్నట్టే, సెన్సారే దోషి. అంకె కదలకపోతే సెన్సారు నిర్దోషి, తీగ వెంట వెళ్లాలి. ఈ పరీక్ష రెండు తీగల ఉష్ణోగ్రత సెన్సార్లకే. మూడు తీగల వాటిమీద చేస్తే అయిదు వోల్టుల లైను షార్టవుతుంది.

ఇదే సెన్సారుకు రెండో కథ ఉంది, ఇందులో కోడే రాదు. వేసవిలో బండి హీటెక్కుతోందని మన వైపు థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పడేయడం ఒక అలవాటు. "మన ఎండలకి ఇదెందుకండీ" అంటారు. కార్బురేటర్ రోజుల్లో దాని నష్టం పెద్దగా కనిపించేది కాదు. కంప్యూటరు బండిలో వాల్వు లేకపోతే హైవే మీద తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చేదాకా నీళ్లు అరవై, అరవై అయిదు డిగ్రీలు దాటకపోవచ్చు. సెన్సారు నిజాయతీగా అదే చెబుతుంది. ఇంజిన్ ఇంకా వెచ్చబడలేదని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, ఇంజిన్ ఆయిల్లో పెట్రోలు వాసన వస్తుంది. స్కానరు పెడితే "నో ఫాల్ట్". ప్లగ్గులు మారుస్తారు, ఇంజెక్టర్లు క్లీనింగుకి ఇస్తారు, ఆక్సిజన్ సెన్సారు వేస్తారు. ఏడాది క్రితం పీకేసిన వాల్వు సంగతి ఎవరికీ గుర్తుండదు. లైవ్ డేటాలో నీళ్ల ఉష్ణోగ్రత ఒక్కటి చూస్తే దొరికిపోయేది. హీటెక్కడానికి అసలు కారణం చాలాసార్లు రేడియేటరులో పోసిన నీళ్లే. చెరువు నీళ్లు, ఉప్పు తగిలిన బోరు నీళ్లు పోస్తే సన్నటి గొట్టాలు పాచి కడతాయి, ఉప్పు అల్యూమినియం హెడ్డును తినేస్తుంది. కూలెంటు పోయమంటే ఖర్చని వాల్వు పీకిస్తారు, ఆ మిగిలిన డబ్బు పెట్రోలు బంకులో కడతారు.

ఇక చెమ్మ. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెచ్చిపోస్తే ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది, పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీటిని వెనక్కి ఎగదోస్తుంది కూడా. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ప్రభుత్వం చెరువు గట్లు కొట్టించింది. అయినా చుట్టూ చేపల చెరువులు, ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల చెరువులు. అక్కడి బండి రాత్రంతా గట్టు మీదే ఉంటుంది. తెల్లారేసరికి బానెట్ లోపల నీటి బొట్లు. చెరువుకి వాడే బ్లీచింగ్ పౌడరు బస్తా డిక్కీలో రెండు రోజులుంటే దాన్నుంచి వచ్చే క్లోరిన్ రాగిని తింటుంది. కనెక్టరు ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. పన్నెండు వోల్టుల హెడ్‌లైటుకు ఈ చిలుము పెద్ద లెక్క కాదు, ఒక వోల్టు లోపల ఊగే ఆక్సిజన్ సెన్సారు సంకేతానికి అదే పెద్ద అడ్డుగోడ.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఎర్తు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకీ, ఇంజిన్‌కీ వెళ్లే లావుపాటి తీగల చివర్లు తుప్పు పడితే లక్షణాలు దయ్యం పట్టినట్టుంటాయి. హెడ్‌లైటు వేస్తే ఐడిల్ మారుతుంది, ఏసీ వేస్తే బండి ఆగిపోతుంది, సంబంధం లేని మూడు సెన్సార్ల కోడ్లు ఒకేసారి వస్తాయి. మీటరును వోల్టుల్లో పెట్టి, ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. పావు వోల్టు దాటి చూపిస్తే ఆ తీగ చివర్లు ఊడదీసి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించాలి. ఇదయ్యాక బ్యాటరీ. నిలకడగా 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 13.5కీ 14.5కీ మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర కిందకి పడిపోతే కంప్యూటరు మధ్యలోనే ఆగి మళ్లీ మొదలెట్టొచ్చు, అప్పుడు బండి స్టార్టవదు, తప్పు కంప్యూటరు మీద పడుతుంది.

సెన్సార్లన్నీ ఒకేసారి చచ్చాయని కోడ్లు వస్తే చూడాల్సింది అయిదు వోల్టుల లైను. థ్రాటిల్, ఒత్తిడి సెన్సార్లు తరచుగా ఒకే అయిదు వోల్టులు పంచుకుంటాయి. ఒకటి లోపల షార్టయితే మిగతా వాటికీ అందదు. మీటరు ఆ లైను మీద పెట్టి సెన్సార్ల కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. దేన్ని ఊడదీసినప్పుడు అయిదు వోల్టులు తిరిగొస్తే అదే దొంగ. దేన్ని ఊడదీసినా రాకపోతే తీగల కట్టలో రాపిడి చూడాలి, కంప్యూటరును అనుమానించడం ఆ తర్వాతే.

ఎలుకల గురించి కంపెనీల మాన్యువల్స్‌లో పెద్దగా ఉండదు, కొల్లేరులో మాత్రం దానికో అధ్యాయం రాయాలి. చేపల మేతకి తవుడూ, చెక్కా బస్తాల్లో వస్తాయి. కారులో రెండు బస్తాలు వేసుకొచ్చి, చిందిన తవుడు దులపకుండా వదిలేస్తే ఆ రాత్రికే చుట్టాలొస్తారు. వరికోతలయ్యాక పొలాల్లోంచి వచ్చేవి వేరు. ఇంజిన్ వెచ్చదనానికి చేరి ఇన్సులేషన్ కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో గూడు పెడతాయి. గూడు పెట్టిన బండికి పికప్ ఉండదు. "సెన్సార్" అని మొదలెట్టినవాడు చివరికి ఫిల్టరు డబ్బా తెరిచి నోరెళ్లబెడతాడు. కొరికిన తీగ నల్లటి ముడతల గొట్టం లోపల ఉంటుంది కనుక పైకి కనపడదు. ఇంజిన్ ఐడిల్లో పెట్టి ఆ కట్టను జానెడు జానెడు చొప్పున చేత్తో కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపితే ఇంజిన్ తడబడిందో అక్కడ గొట్టం చీల్చాలి.

వరద సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేరు చేరినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్లొచ్చాయి. అలాంటి నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టడమే అన్నిటికంటే పెద్ద తప్పు. నీళ్లు గాలిలా నలగవు. సిలిండర్లోకి చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కాస్త వంగిన రాడ్డుతో బండి నడుస్తుంది కూడా. నెల తర్వాత "మిస్సింగ్" అని వస్తారు, స్కానరు ఒక సిలిండర్ని చూపిస్తుంది, కాయిలూ ప్లగ్గూ ఇంజెక్టరూ మారతాయి. కంప్రెషన్ గేజి పెడితే అయిదు నిమిషాల్లో తేలేది. నీళ్లలోంచి బయటికి లాగాక ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. ప్లగ్గులు విప్పి, తిప్పి నీళ్లు వెళ్లగొట్టాలి. చాలా మోడళ్లలో కంప్యూటరు డ్యాష్‌బోర్డు కిందే ఉంటుంది కాబట్టి కాళ్ల దగ్గరి కార్పెట్ ఎత్తి చూడాలి. పైన ఎండబెట్టి, అడుగున స్పాంజి తడిగా వదిలేస్తే చిలుము రెండు మూడు నెలల తర్వాత వచ్చి పలకరిస్తుంది.

పెట్రోలు మాట కూడా ఎత్తాలి, ఇప్పుడందరూ దాన్నే తిడుతున్నారు గనుక. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025కల్లా దేశమంతా అదే అయింది. ఈ వయసు బండ్లు దానికోసం తయారైనవి కావు. నీతి ఆయోగ్ 2021లో వేసిన లెక్కలోనే ఇలాంటి నాలుగు చక్రాల బండ్లకు మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుందని ఉంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి పెట్రోలు ఏడెనిమిది శాతం ఎక్కువ కావాలి. ఆక్సిజన్ సెన్సారు చూసుకుని కంప్యూటరు ఆ మేరకు సర్దుతుంది. బాగున్న బండి దీన్ని తట్టుకుంటుంది. కానీ కొంచెం గాలి లీకు, కొంచెం నీరసించిన పంపు ఉన్న బండిలో ఆ సర్దుబాటు అప్పటికే సగం ఖర్చయి ఉంటుంది. ఇథనాల్ మిగతాది తినేసరికి హద్దు దాటి లైటు వెలుగుతుంది. అందుకే "కొత్త పెట్రోలు పోయించాకే వచ్చింది" అన్నది నిజమే, "పెట్రోలు వల్లే వచ్చింది" అన్నది సగం నిజం. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు సెన్సారు ఇంకా పనిలోకి రాదు, కంప్యూటరు పాత లెక్కతోనే పోస్తుంది, అందుకే ఉదయపు మిస్సింగ్ ఎక్కువ. పాత రబ్బరు పైపులు ఉబ్బడం, చీలడం వేరే జబ్బు, వాటిని మార్చేయాలి. ఇథనాల్ నీటిని లాగుతుంది. నెలలు కదలని బండిలో ఆ నీళ్లు ఎక్కువై అడుక్కి దిగితే పంపు నోరు సరిగ్గా అక్కడే ఉంటుంది.

పంపు అనుమానం వస్తే ప్రెషర్ గేజి పెట్టాలి. చాలా బండ్లలో మూడు బార్ల చుట్టుపక్కల ఉండాలి, సరైన అంకె ఆ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. శబ్దం విని "పంపు పనిచేస్తోందండీ" అనడం కార్బురేటర్ రోజుల అలవాటు. తిరుగుతుంది, ఒత్తిడి మాత్రం ఇవ్వదు.

ఎండెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయ్యే బండి మీద చాలా షెడ్లు ఓడిపోతాయి. అంబాసిడర్ రోజుల్లో పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవారు, అక్కడ సమస్య ఆవిరి. ఇప్పుడూ తడిగుడ్డ పనిచేస్తుంది గానీ వేయాల్సిన చోటు మారింది. ఆగిపోయిన వెంటనే, చల్లారక ముందే స్పార్కు ఉందా, ఇంజెక్టరుకు కరెంటు పల్సు వస్తోందా చూడాలి. రెండూ లేకపోతే క్రాంకు లేదా క్యాము సెన్సారు. దాని మీద తడిగుడ్డ వేసి రెండు నిమిషాలకు స్టార్టయితే మరో సాక్ష్యం అక్కర్లేదు. స్పార్కు ఒక్కటే లేకపోతే కాయిలు. రెండూ ఉండి పెట్రోలు ఒత్తిడి లేకపోతే పంపు లేదా దాని రిలే. చల్లారాక షెడ్డుకి తెస్తే ఏదీ దొరకదు, అన్నీ బాగానే ఉన్నట్టు నటిస్తాయి.

గ్యాసు కిట్టు వేసిన బండ్లది చిన్న మాట. కిట్టు బిగించినవాడు ఇంజెక్టరు తీగల్ని కోసి అతికించిన చోట్లే సగం రోగాలు. ఎప్పుడూ గ్యాసు మీదే తిప్పితే ట్యాంకులో పెట్రోలు అడుగంటి పంపు ఎండిపోతుంది. డీజిల్ బండ్లకొస్తే, 2007 నుంచి స్విఫ్టులో, తర్వాత విస్టా, డిజైర్ దాకా తిరిగిన ఫియెట్ 1.3 ఇంజిన్ ఈ ప్రాంతం బాగా ఎరిగినదే. దాని పైపులో ఒత్తిడి విపరీతంగా ఉంటుంది, అందుకే లీకు ఉందేమోనని చెయ్యి పెట్టి చూడకూడదు. స్టార్టింగ్ ట్రబుల్ వస్తే నాలుగు ఇంజెక్టర్ల రిటర్ను పైపులు నాలుగు సీసాల్లో పెట్టి దేన్నుంచి ఎక్కువ కారుతోందో చూడటం చవకైన, నమ్మదగిన పరీక్ష. ఫిల్టరులో నీళ్లు వదలడం మర్చిపోతే ఆ పరీక్ష దాకా తొందరగానే వస్తారు.

ఇక మనుషుల సంగతి. మన ఊళ్లలో బండి పని ఏనాడో పంచుకున్నారు. ఇంజిన్ దించేవాడు మెకానిక్, వైరింగు చూసేవాడు ఎలక్ట్రీషియన్, డీజిల్ పంపుకి వేరే షాపు, ఏసీకి వేరే మనిషి. కంప్యూటరు బండి జబ్బు సరిగ్గా మొదటి ఇద్దరి మధ్యలో పడుతుంది. మెకానిక్ దాన్ని కరెంటు పనంటాడు, ఎలక్ట్రీషియన్ ఇంజిన్ పనంటాడు. స్కానరున్న మూడోవాడు వచ్చి కోడ్ చదివి, తన డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. కోడ్ నుంచి జబ్బు దాకా ఉన్న దూరం ఎవరి పనీ కాదు. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు ఉంది గానీ, షెడ్డులో చేరిన కుర్రాడికి మొదట అప్పజెప్పేది స్పానరే. మల్టీమీటరు ఎలక్ట్రీషియన్ పెట్టెలో ఉంటుంది.

కంపెనీల వంతు కూడా ఉంది. స్పేరు పార్టులు, మరమ్మతు మాన్యువల్స్, స్కానర్లు బయటి మెకానిక్కులకు అందకుండా చేశాయని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఆ పోర్టల్ పరిధిలో ఆటోమొబైల్ రంగమూ ఉంది. పాత ఆల్టో వైరింగు బొమ్మ కోసం ఏలూరు మెకానిక్ మాత్రం ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులోనే అడుక్కుంటున్నాడు. ఆ గ్రూపుల్లో దొరికే జ్ఞానాన్ని తక్కువ చేయను, చాలా షెడ్లు వాటి మీదే నడుస్తున్నాయి.

అయినా పెద్ద దోషం కస్టమరుదే అంటాను. ఆరు గంటలు వెతికి ఎర్తు బోల్టు ఒకటి బిగించి బండి బాగుచేసినవాడికి "బోల్టు బిగించినందుకు ఇంతా?" అంటాం. వెతక్కుండా నాలుగు వేల సెన్సారు వేసినవాడికి బిల్లు చూసి కిమ్మనకుండా కట్టేస్తాం. పాత పార్టు చేతికిచ్చాడని సంతోషిస్తాం కూడా. బేరం బండి దింపేటప్పుడే కుదుర్చుకోవడం మేలు: చూసినందుకు ఇంత, పార్టు వేస్తే వేరే. కొలిచిన అంకెలు కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే రెండో షెడ్డుకి వెళ్లినా మళ్లీ మొదట్నుంచి మొదలెట్టక్కర్లేదు.

నిజంగా కంప్యూటరే పోయిందని తేలితే విజయవాడ జవహర్ ఆటోనగర్లో పాతది దొరకొచ్చు. పైన స్టిక్కరు మీది నంబరు అక్షరం అక్షరం కలవాలి. ఇమ్మొబిలైజర్ ఉన్న బండికి వేరే బండి కంప్యూటరు పెడితే తాళంచెవిని గుర్తుపట్టదు, తాళం గుర్తు మిణుకుతుంది, ఇంజిన్ అంటుకోదు. దాన్ని కలిపే మనిషి దొరికాకే డబ్బివ్వాలి. ఇంజెక్టరును నడిపే ట్రాన్సిస్టరో, ఉబ్బిన కెపాసిటరో అయితే బోర్డు రిపేరు చేసేవాళ్లున్నారు. కొత్తది పెట్టేముందు పాతదాన్ని చంపిన షార్టు దొరికిందో లేదో అడగండి. దొరక్కపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి కొత్తగా చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు అయిదు వేలు, ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి పది వేలు. ఆ ఖర్చు పెట్టి కూడా ఇలాంటి బండి కొనేవాళ్లు తక్కువేమీ లేరు. కొనేవాళ్లు ముందురోజే చెప్పకుండా పొద్దున్నే వెళ్లాలి, ఇంజిన్ చల్లగా ఉండాలి. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే కంప్యూటరుకు కరెంటు అందడం లేదు, లేదా ఎవరో ఆ బల్బు పీకేశారు. ఇంజిన్ మామూలుగా నడుస్తూ లైటు వెలగడం లేదంటే బల్బు పీకేసినట్టే అనుకుని, మీటరు డబ్బా విప్పి చూపిస్తేనే బేరంలోకి దిగండి.